బర్రెకు నచ్చని పట్నపోళ్లం

ఇరవై రెండేళ్లపాటు నేను హైదరాబాదులో ఒక కంపెనీలో, కొత్తగా చేరిన ఉద్యోగులకు ఎదుటివాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పాను. మండిపడుతున్న కస్టమరును ఎలా చల్లార్చాలి, మొండికేసిన మనిషిని మాటలతో ఎలా దారికి తేవాలి, ఇవీ నా పాఠాలు. బాగా చెబుతానని పేరు కూడా ఉండేది. ఆ పేరును ఒక బర్రె ఒక్క తన్నుతో కొట్టంలోంచి బయటికి పంపించింది.

నా భార్య సైన్సు టీచరు. ఇద్దరం పట్నంలోనే పుట్టి పెరిగాం. పల్లె గురించి మాకు తెలిసిందల్లా ఫోనులో చూసిన వీడియోలే. ఆ వీడియోల్లో పొద్దున్నే మంచు, మధ్యాహ్నం మామిడి నీడ, సాయంత్రం ఇత్తడి చెంబులో నురగల పాలు ఉండేవి. ఈగలు ఉండేవి కావు. రెండేళ్లు అవే చూసి చూసి, ఉద్యోగాలు మానేసి, వనపర్తి జిల్లాలో వీపనగండ్లకు కాస్త ఇవతల ఒక ఊళ్లో పాత బండల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పక్కన పశువుల కొట్టం కూడా ఉంది. కొట్టంలో వాషింగ్ మెషిన్ పెట్టాం.

మొదటి నెలంతా మేం పల్లెలో బతకడం కన్నా పల్లెను ఫోటోలు తీయడమే ఎక్కువ. పాత కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక సూర్యోదయం పెట్టేవాణ్ణి. కింద, "బతుకంటే ఇదీ" అని రాసేవాణ్ణి. ఊళ్లో మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. మా అరుగు పక్కనే ఉండే పెద్దాయన ఒకడే, నేను ఫోను ఎత్తినప్పుడల్లా నా వెనక నిలబడి ఆకాశం వంక చూసి, "ఏమైంది సారు, విమానమా?" అని అడిగేవాడు.

మా ఇంటి ఎదురుగా ఒక ఆడమనిషి, ఆమె భర్త ఉండేవాళ్లు. ఆమెకు దాదాపు నా వయసే ఉంటుంది. రెండెకరాల మెట్ట చేను, ఒక బర్రె, దాని దుడ్డె. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, పల్లి చేను మధ్యలోనే ఎండింది. దీపావళి దాటగానే వాళ్లు బిల్డింగు పనికి హైదరాబాదు బయల్దేరుతున్నారని తెలిసింది. ఎక్కడికని అడిగితే, మేం ఖాళీ చేసి వచ్చిన కాలనీ పక్కనే. మేం ఏ గాలి పడక పారిపోయి వచ్చామో, ఆ గాలిలోకి ఆమె సిమెంటు మోయడానికి పోతోంది. ఆ సంగతి అప్పుడు నాకు పెద్దగా తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, బర్రె దొరుకుతుందని.

"సారు, మీకు బర్రె గావాల్నంటిరి గద. మాది తీసుకోండ్రి. సంతల అమ్మనీకి నాకు మనసొస్తలేదు," అందామె.

బేరం నిమిషంలో తేలింది. వెళ్లే ముందు రోజు ఆమె బర్రెను మా కొట్టంలో కట్టేసి, తన పాత కోక ఒకటి తెచ్చి గుంజకు తగిలించింది.

"అమ్మా, ఇది కొత్తోళ్లకు పాలు చేపది. నేను పిండితెనే పాలిస్తది. కొన్ని దినాలు నా కోక గట్టుకొని కూసోండ్రి, వాసన వడ్తది. ఎనక మీకు అలవాటైతది," అని నా భార్యకు చెప్పింది. తర్వాత బర్రె మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ఏదో చెప్పింది కూడా, మాకు వినబడలేదు.

మర్నాడు పొద్దున్నే మూటలతో బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నమే నా భార్య గుంజకున్న కోకను చూసి ముక్కు మూసుకుంది. దానికి పెండ వాసన, చెమట వాసన, పాత పాల వాసన. "దీన్ని ఇలాగే ఎలా కట్టుకోనండీ?" అని మెషిన్‌లో వేసి, పూల వాసన వచ్చే ద్రావకం రెండు మూతలు పోసి, రెండుసార్లు తిప్పింది. సాయంత్రానికి కోక మల్లెతోటలా గుబాళించింది.

నా భార్య ఆ కోక కట్టుకుని చెంబుతో కొట్టంలోకి వెళ్లింది. నేను ఫోనుతో వెనకే వెళ్లాను. ముందు దుడ్డెను వదిలాం. అది మూతి పెట్టి పొదుగు కుమ్మగానే బర్రె చక్కగా చేపింది. దుడ్డెను లాగి కట్టేసి, నా భార్య కూర్చుని చెయ్యి వేసింది. బర్రె తల తిప్పి కోకను వాసన చూసింది, ఒక పెద్ద తుమ్ము తుమ్మింది. పాలు పైకి ఎగదీసుకుంది. చెంబులో నాలుగు చుక్కలు పడ్డాయి, అయిదో చుక్క బదులు కాలు వచ్చింది. చెంబు గోడకు, నా భార్య గడ్డికి. నా వీడియోలో మాత్రం అన్నీ స్పష్టంగా వచ్చాయి.

రెండో రోజు నేను కూర్చున్నాను. బర్రె కళ్లలోకి చూసి, నెమ్మదైన గొంతుతో, "నీ ఇబ్బంది మాకు అర్థమవుతోంది" అని మొదలుపెట్టాను. కస్టమర్ల దగ్గర ఈ వాక్యం ఎప్పుడూ ఓడిపోలేదు. బర్రె తోక ఒకసారి తిప్పి నా మొహం మీద కొట్టింది. తోక అంతకుముందే పెండలో పడుకుని లేచింది.

రోజులు గడిచాయి. పాలన్నీ దుడ్డె తాగి నిగనిగలాడుతోంది. మేం వీపనగండ్ల వెళ్లి ప్యాకెట్ పాలు తెచ్చుకుంటున్నాం. కాలనీ గ్రూపులో ఎవరో, "స్వచ్ఛమైన పాల రుచి ఎలా ఉంది?" అని అడిగారు. నా భార్య, "మాటల్లో చెప్పలేం" అని జవాబు పెట్టింది. అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

చివరికి ఎదురింటామెకు ఫోను చేశాం.

"కోక గట్టుకున్నరా అమ్మా?"

"కట్టుకున్నాను అక్కా. ఉతికి కట్టుకున్నాను."

అటువైపు నుంచి నవ్వు. ఆమె పక్కన ఇంకెవరో కూడా నవ్వుతున్నారు. "అయ్యో తల్లీ, ఉతికితె ఇంకేముంటది దాంట్ల? సరే, ఫోను దాని చెవుకాడ వెట్టుండ్రి," అంది.

పెట్టాం. "ఏందే, గిట్ల జేస్తున్నవ్? జర మంచిగుండు," అని ఆమె గొంతు వినబడగానే బర్రె చెవులు నిక్కబొడుచుకున్నాయి. గిర్రున తిరిగి ఫోనును వాసన చూసింది, నాకింది, గుమ్మం వైపు చూసి అరిచింది. పొదుగు నుంచి పాలు వాటంతటవే కారడం మొదలైంది. "ఏమండీ, చెంబు, చెంబు!" అని నా భార్య అరిచింది. నేను చెంబు తెచ్చేసరికి సిగ్నల్ పోయింది. ఫోను మూగబోగానే బర్రె కుళాయి కట్టేసినట్టు ఆపేసింది. అది అలా గుమ్మం వైపే చూస్తూ నిలబడితే, మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

వారం తర్వాత హైదరాబాదు వెళ్లాను. మా పాత అపార్టుమెంటు ముందు నుంచి నడిచి, కడుతున్న బిల్డింగు వెనక రేకుల షెడ్ల వరుసలోకి పోయి, ఆమెను ఒక మాసిన కోక ఇమ్మని అడగాలి. ఇలాంటి విన్నపం ఎలా చేయాలో నా పాఠాల్లో లేదు. ఆమె పని దిగి వచ్చేదాకా ఇటుకల మీద కూర్చున్నాను. ఆమె కాళ్లకు, చేతులకు సిమెంటు. నన్ను చూసి మొదట కంగారుపడింది.

"బర్రెకేమన్న అయ్యిందా సారు?"

"ఏం కాలేదు. బాగానే ఉంది."

"మేస్తుందా? కాలువకు తోల్తున్నరా? మంది నడుమ బెదుర్తది, జర చూసి తోలుండ్రి."

చాయ్ పెట్టించి ఇచ్చింది. "ఈడ పాలు ప్యాకెట్ల వస్తయి సారు. ఎంత కాగవెట్టినా మీగడ కట్టది. మీరు ఇన్నేండ్లు ఇవ్వే తాగిన్రా?" అని జాలిగా అడిగింది. మేం ఇప్పుడు కూడా అవే తాగుతున్నామని చెప్పలేదు. పై అంతస్తుకు వెళ్లే లిఫ్టులో కూలీలను ఎక్కనివ్వరని, రాత్రంతా దోమలని, నీళ్ల ట్యాంకరు దగ్గర రోజూ లడాయి అని ఆమె భర్త చెబుతుంటే వింటూ కూర్చున్నాను. పక్క కాలనీలో అన్నేళ్లు ఉండి, అలాంటి షెడ్ల వైపు నేను ఒక్కసారి కూడా పోలేదు.

చివరికి కోక అడిగాను. ఆమె షెడ్డులోకి పోయి, ఒంటి మీది కోక మార్చుకుని వచ్చి ఇస్తూ, "ఇది ఉతకకుండ్రి," అని మాత్రం అంది. కవరులో మడిచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

నా భార్య నడుము తన్ను తగిలినప్పటి నుంచి నొప్పిగానే ఉంది. కాబట్టి కోక నేనే కట్టుకున్నాను. ప్యాంటు మీద చుట్టి, కొంగు తల మీదికి లాగి కొట్టంలో కూర్చున్నాను. బర్రె కోకను ముక్కుతో తడిమింది. సిమెంటు వాసనకు ఒకసారి వెనక్కి జరిగింది, మళ్లీ ముందుకొచ్చి కొంగు నమిలింది. నెమ్మదిగా చేపింది. చెంబులో సర్రుసర్రుమని పాలు పడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. చెంబు సగం నిండింది. సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోను మోగింది. బర్రె ఎగిరి తన్నింది. నేను కొంగు కాళ్లకు చుట్టుకుని, పాలతో సహా, కొట్టం బయట పడ్డాను. అరుగు మీద పెద్దాయన చుట్ట కాలుస్తున్నాడు.

"ఏం సారు, ఏడికన్న పెండ్లికి పోతున్నవా?" అన్నాడు, నా వేషం చూసి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉన్నదంతా చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి విన్నాడు.

"కొట్టం ఎవరు ఊడుస్తుండ్రు?"

"ఒక మనిషిని పెట్టాం."

"కుడితి ఎవరు వెడ్తుండ్రు?"

"ఆ మనిషే."

"మరి నువ్వేం జేస్తున్నవ్?"

"పాలు పిండడానికి వస్తున్నాను."

"గదే సారు. తినవెట్టేటప్పుడు రావు, పిండేటప్పుడొస్తవ్. అదేమనుకుంటుంది నిన్ను? ఎవడో సుట్టపోడు, నాల్గు దినాలుండి పోతడనుకుంటుంది. ఫోను ఇంట్ల వెట్టు. పెండ నువ్వు ఎత్తు. కాలువకు నువ్వు తోల్కపో. జూద్దాం."

ఆ మాట బర్రె గురించే అన్నాడో, ఊరు గురించి కూడా అన్నాడో నాకు తెలియదు. మర్నాటి నుంచి పెండ ఎత్తడం మొదలుపెట్టాను. మొదటి రోజు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాను. మూడో రోజుకు అవి చిరిగాయి, మళ్లీ కొనలేదు. వాషింగ్ మెషిన్ ఇంట్లోకి మార్చాం, దాని చప్పుడుకు బర్రె బెదురుతోందని అప్పుడే అర్థమైంది. మధ్యాహ్నం కాలువకు తోలుకుపోయేవాణ్ణి. అది నీళ్లలో దిగి కళ్లు మూసుకుంటే, గట్టున గంటల కొద్దీ కూర్చోవడమే నా పని. కాలనీ గ్రూపులో సూర్యోదయాలు ఆగిపోయాయి. ఆ వేళకు నా రెండు చేతులూ పెండలో ఉండేవి. ఏదైనా అనారోగ్యమా అని ఎవరో అడిగారు.

శివరాత్రి దాటాక ఒక పొద్దున, కోక లేకుండానే, నా చేతికి అర చెంబు ఇచ్చింది. మర్నాడూ ఇచ్చింది. అర చెంబుకు మించి ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ అర చెంబు పాలు కాచి, మీగడ కట్టేదాకా మేమిద్దరం పొయ్యి దగ్గరే నిలబడి చూశాం. నా జీవితంలో ప్రమోషను వచ్చిన రోజు కూడా నేను అంత గర్వపడలేదు.

మృగశిర కార్తెలో మిరుగు వానలు పడగానే ఎదురింటివాళ్లు విత్తనాలు పెట్టడానికి తిరిగి వచ్చారు. వీధి మొదట్లో ఆమె మాట వినబడిందో లేదో, బర్రె తలుగు తెంపుకుంది. నేను అడ్డం నిలబడి, "ఆగు, ఆగు," అన్నాను. నన్ను భుజంతో పక్కకు తోసి పోయింది. ఆమె మూట కింద పడేసి దాని మెడ పట్టుకుంది. అది ఆమె చెయ్యి, మొహం, వీపు అన్నీ నాకింది. నెలల తరబడి పెండ ఎత్తినవాణ్ణి, నాకు నిజంగానే అసూయ కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆమె బర్రె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మా కొట్టంలోకి తొంగి చూసింది.

"జర బక్కవడ్డది గని, కొట్టం మాత్రం సాఫుగ ఉంచిన్రు సారు," అంది.

ఆ సాయంత్రం ఆమె పిండితే చెంబు పొంగిపొర్లింది. బర్రెను మళ్లీ మా కొట్టానికి తోలడానికి ఆమె తాడు పట్టుకుంటే, నా భార్యే వద్దంది. "అక్కా, అది మీ దగ్గరే ఉండనీ. మాకు పాలు పోస్తే చాలు. నాకు పిండడం నేర్పు," అంది. అప్పటి నుంచి నా భార్య రోజూ ఎదురింటికి పోయి పక్కన కూర్చుంటోంది. పిండేటప్పుడు ఆమె పెట్టే పాటల్లాంటి కూతలు కూడా నేర్చుకుంది. నాకు పిండే పని ఎవరూ ఇవ్వలేదు. రెండు ఇళ్ల పెండ నేను ఎత్తుతున్నాను.

మొన్న కాలనీ నుంచి ఒక జంట కారులో వచ్చారు. వాళ్లు కూడా పల్లెలో స్థిరపడాలనుకుంటున్నారట, సలహా కావాలట. నేనేమీ చెప్పకుండా ఎదురింటికి తీసుకుపోయాను. ఆమె వాళ్లను పైనుంచి కిందికి చూసి, "పెండ ఎత్తుతరా?" అని ఒక్కటే అడిగింది. వాళ్లు చాయ్ తాగి, పాలు చాలా చిక్కగా ఉన్నాయని మెచ్చుకుని, ఎండ ఎక్కకముందే వెళ్లిపోయారు.