మాబున్ని ఖాలా కలుపుపాట

ఆదోని బస్టాండు బయట ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి శెనక్కాయల ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, చినుకు పడ్డ ఎర్రచేను, నడుములు వంచి వరస కట్టిన ఆడవాళ్లు, వాళ్లందరికీ ముందు మా మాబున్ని ఖాలా కళ్లముందుకొస్తారు. ఖాలా అంటే అమ్మ చెల్లెలు. ఆమె పాడింది పల్లెపాట కాదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర, నేను బడి ఎగ్గొట్టి ఖాలా కొంగు పట్టుకుని చేలకు తిరిగే రోజుల్లో, కోసిగి పక్కన మా పల్లెలో కలుపు తీసే గుంపుకు తిమ్మక్కవ్వ పెద్ద. ఆమె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పలికేవాళ్లు, పాటతోనే చేతులు ఆడేవి, జొన్నరొట్టె, ఊరిబిండి, ఉల్లిగడ్డ కట్టుకున్న మూటలు విప్పేదాకా ఎవరికీ నడుంనొప్పి గుర్తొచ్చేది కాదు. ఒక ఏడు అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. పాట ఎత్తే మనిషి లేకుంటే గుంపు చెదిరిపోతుంది, రైతులు ఎవరికి కావలసినవాళ్లను వాళ్లు పిలుచుకుపోతారు. అందుకని ఖాలా ముందుకొచ్చింది.

ఖాలాకు సినిమా పిచ్చి. ఎమ్మిగనూరు సంతకు పోయిన ప్రతిసారీ టాకీసు మైకులో వినబడే బాణీ ఒకటి పట్టుకొచ్చేది. మాటలు మాత్రం తనే కట్టేది, మొహం చాటేసిన వాన గురించి, సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతల కూలికిపోయి పండక్కి కూడా రాని మొగుడి గురించి. బాణీలోని గెంతులు తీసేసి, గరిక వేరు చేతికి దొరికేదాకా చరణం కొసను సాగదీసేది.

మొదటిరోజు ఎవరూ పలకలేదు. "టాకీసు పాటకు మేము పలకల్నా?" అని మూతులు తిప్పుకున్నారు. ఖాలా ఒక్కతే పాడింది. సాలు అయిపోయింది, ఇంకో సాలు పట్టింది, గొంతు జీరపోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా మొండిగా పాడుతూనే ఉంది. నాకైతే ఆ ఆడవాళ్లందరినీ గిచ్చి పారిపోవాలనిపించింది.

గట్టుమీద కాళ్లు చాపుకుని కూర్చున్న తిమ్మక్కవ్వ ఉన్నట్టుండి కేకేసింది. "ఏమ్మే, సేతులు దాని పాటకే ఆడతాండాయి, నోళ్లకేమొచ్చింది మీకు? పలకండి!"

అందరూ తమ చేతులకేసి చూసుకున్నారు. నిజమే. ముందు ఒకామె సిగ్గుపడుతూ పలికింది, ఆ వెనక చేనంతా పలికింది. రొట్టెలు తినేటప్పుడు ఎవరో ఇంకా సణుగుతుంటే అవ్వ కసిరింది. "నేను పాడినవి యాడివనుకుంటివి? నా సిన్నప్పుడు నాటకాలోళ్ల దగ్గర నేర్సుకున్నవే గదా!" ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ గుంపును ఖాలానే నడిపింది.

మొన్న ఫోనులో పల్లెపాటలు రికార్డు చేసుకునే ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఖాలా పాట ఎత్తుకున్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది సినిమా బాణీ కదమ్మా, అసలైనది పాడండి" అన్నాడు. ఇప్పుడు చేలల్లో కలుపుకు మందు కొడుతున్నారు. అవ్వ లేదు, ఖాలా లేదు, ఆ ఆడవాళ్ల గుంపూ లేదు. ఆయన ఫోను ఆపేసినా నేను ఆపలేదు. ఎదురుగా కూర్చోబెట్టి ఆఖరి చరణం దాకా పాడాను, వంత కూడా నేనే పలికాను.