ఏ టాకా

తెలుగు అక్షరాలు నేను పది రూపాయల నోటు మీద నేర్చుకున్నాను. ఖిదిర్‌పూర్‌లో నేను చదివిన బడిలో బెంగాలీ, హిందీ ఉండేవి గాని తెలుగు లేదు. నాన్నమ్మ బజారు నుంచి వచ్చి కొంగు ముడి విప్పి, తడిసిన నోటు వెనక్కి తిప్పి, చిన్న గడిలో ఒకదాని కింద ఒకటిగా ఉన్న భాషల్లో మన వరస ఏదో వేలితో చూపించేది. ఆవిడకి చదవడం రాదు. ఆ గుండ్రటి ఒంపులు మనవేనని మాత్రం తెలుసు. ఆ గడిని చూస్తే నాకు ఓడరేవు పనివాళ్ళ కోసం కట్టిన మా డాక్ క్వార్టర్లు గుర్తొచ్చేవి. ఒక్కో భాషా ఒక్కో గదిలో పడుకుని, గోడకి అవతల వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో సగం సగం వింటున్నట్టు ఉండేది.

ఇప్పుడు నేను న్యూ మార్కెట్ వెనక వీధిలో పరాయి దేశాల నోట్లు మార్చే చిన్న దుకాణంలో పని చేస్తున్నాను. నాకు మనుషులతో మాట్లాడడం కష్టం. అద్దం వెనక కూర్చునే పని కాబట్టి ఒప్పుకున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్ నుంచి ఆస్పత్రుల కోసం వచ్చేవాళ్ళు. పొద్దున్నే యజమాని ఫోనులో ఆ రోజు ధర చెప్తే, బోర్డు తుడిచి కొత్త అంకె రాయడం నా మొదటి పని. యజమానిని అందరూ దాదా, అంటే అన్నయ్యా, అంటారు, నేనూ అంతే. ఎంత తుడిచినా నిన్నటి అంకె పూర్తిగా పోదు. కొత్త అంకె కింద నీటిలో మునిగిన మెట్టులా లీలగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ బెంగాలీలు రూపాయిని టాకా అంటారు. బంగ్లాదేశ్ వాళ్ళ డబ్బు పేరూ టాకానే. ఈ సంగతి నాన్నమ్మకి ఎప్పటికీ మింగుడుపడలేదు.

"టాకా ఇచ్చి టాకా పుచ్చుకుంతారా? అదేటి యాపారమే గుంటా?"

"వాళ్ళ టాకా వేరు, మన టాకా వేరు నాన్నమ్మా."

"మరి పేరొకటే ఎట్టుకున్నారేటి? కవల పిల్లలేటి?"

ఒక వానాకాలం మధ్యాహ్నం బంగ్లాదేశ్‌లోని ఖుల్నా వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఆయన నదిలో తిరిగే లాంచీలకి రంగులు వేసి పేర్లు రాసే మనిషి. గోళ్ళ కింద ఎర్ర రంగు ఉండిపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, సంచిలోంచి డబ్బు తీసి అద్దం కింద నుంచి తోసింది. ఆస్పత్రి వాళ్ళు ఫోనులో రెండు కళ్ళకీ కలిపి ఇన్ని టాకాలవుతాయని చెప్పారట. ఒక్క టాకా తగ్గకుండా తెచ్చానని సంతోషంగా చెప్పింది.

ఆస్పత్రివాళ్ళు చెప్పింది మన టాకా. ఆవిడ తెచ్చింది తన టాకా. మారిస్తే అందులో ముప్పాతిక కూడా రాదు. అది మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. చివరికి సొరుగులోంచి ఒక నోటు తీసి వెనక్కి తిప్పి, భాషల గడిలో బెంగాలీ వరస మీద వేలు పెట్టి ఆవిడ వైపు జరిపాను. అక్కడ ఉన్నది టాకా అనే. ఆవిడ ఆ మాట చదివింది. నోటు తిప్పి ముందు వైపు చూసింది. మళ్ళీ ఆ మాట చదివింది.

"ఇది మీ టాకా," అంది.

"అవును ఖాలా," అన్నాను. పిన్నిని వాళ్ళు అలాగే పిలుస్తారు.

ఆవిడ అక్కడ నుంచే ఆస్పత్రికి ఫోను చేసింది. "ఏ టాకా?" అని అడిగింది. అవతల వాళ్ళకి ప్రశ్నే అర్థం కాలేదు. "టాకా అంటే టాకానే కదండీ" అన్న గొంతు నాకూ వినబడింది. ఆవిడ ఫోను పెట్టేసి, బల్ల మీద ఆయన పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుంది.

నా పక్క కుర్చీలో లెక్కలు చూసుకుంటున్న దాదా అందుకున్నాడు. "రెండు వైపులా ఒక్కటే డబ్బు పెట్టేస్తే ఈ గొడవే లేదు. పేరెలాగూ కలిసింది."

"అప్పుడు మీ దుకాణం?" అన్నాడు ఆయన బల్ల మీద నుంచి.

"నేనూ ఈ పిల్లా మరమరాలు అమ్ముకుంటాం. నేను కలుపుతాను, పొట్లాలు ఈ పిల్ల కడుతుంది. ఎలాగూ మాట్లాడదు."

ఆయన నవ్వాడు. "వద్దు దాదా. ఘాట్‌కి బిగించి కట్టిన లాంచీని చూశారా? ఆటు వచ్చి నీళ్ళు తీస్తే ఒక పక్కకి ఒరిగిపోతుంది. తాడు కాస్త వదులుగా ఉండాలి. మా నీళ్ళూ మీ నీళ్ళూ ఒకేసారి పొంగవు, ఒకేసారి తియ్యవు."

"తాడు సంగతి తర్వాత," అంది ఆవిడ. "నీకు ఏ కన్ను కావాలో చెప్పు."

ఆ మాట ఆవిడ కూరగాయలు ఏరుతున్నట్టు మామూలుగా అంది. కాని చేయి మాత్రం ఆయన మోచేతిని వదల్లేదు. చేతిలో ఉన్నది ఒక కంటికి సరిపోతుంది. రెండోదానికి మళ్ళీ రావాలి. అప్పటికి వాళ్ళ టాకా ఇంకెంత తగ్గుతుందో, లాంచీల వాళ్ళు పని ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే డబ్బున్న లోకాన్ని ఊహించుకుంటూ వచ్చాను. అక్కడ బోర్డులు ఖాళీగా ఉన్నాయి. ఖుల్నా ఆవిడ సంచి తెరిచి ఉన్నదంతా ఇచ్చింది, సరిపోయింది, వెళ్ళిపోయింది. వాన కారుతున్న అద్దంలో గార్డెన్ రీచ్ ఓడరేవు క్రేన్‌లు వంగి ఏవో ఏరుకుంటున్నాయి. నేను దిగాల్సిన చోటు దాటిపోయాను.

ఇంటికి వెళ్ళి చెబితే నాన్నమ్మ చేపలు తోముతూ అంతా విన్నది. "తాడు గీడు నాకు తెలీదు," అంది. "మీ తాత పని పోయి ఇంట్లో కూకున్నప్పుడు, మా తోటికోడలు కుండలో కూడే తిన్నాం మేం. పొయ్యొకటి, కుండొకటి. లేపోతే మీ నాన్న బతికీవోడేటి?"

"మరి తర్వాత ఎందుకు విడిపోయారు?"

"పని దొరికింది. దానికి పులుపు కావాల, నాకు కారం కావాల. ఆకలున్నన్నాళ్ళూ ఎవులికీ రుచి గురుతు రాలేదు." చేప తిప్పి అటువైపు తోమింది. "మరా పెద్దాయన ఏ కన్నడిగినాడే?"

తెలియదన్నాను. అడగాలని కూడా తోచలేదు నాకు. నాన్నమ్మ నన్ను చూసి తల అడ్డంగా ఊపి, మళ్ళీ చేపల మీద పడింది.

తర్వాత చాలా రోజులు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూశాను. వాళ్ళు వచ్చింది వాన వెలిసిన ఒక పొద్దున. మిగిలిన మన డబ్బు తమ డబ్బులోకి మార్చుకుని సరిహద్దు బస్సెక్కాలి. ఆయన ముఖం సగం కప్పే నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఈసారి ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకోలేదు, ఆయన గొడుగు పట్టుకుంది.

"ఏ కన్ను?" అన్నాను. అద్దం వెనక నుంచి నేనుగా అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. దాదా వెనక్కి తిరిగి చూశాడు.

"కుడిది," అన్నాడు ఆయన. "గీత తిన్నగా వచ్చిందో లేదో చూడాలంటే నేను ఎడమది మూసుకునే చూస్తాను. దానికి ఎలాగూ పని తక్కువ."

అద్దాలు కాస్త ఎత్తి, ఒక కన్ను మూసి ఎదురు గోడని చూశాడు. తర్వాత రెండోది మూశాడు. మళ్ళీ మొదటిది.

"ఈ కంటికి ఆ గోడ సున్నం కొట్టిన తెలుపు. ఆ కంటికి పాత నెయ్యి రంగు. ఇన్నేళ్ళూ లాంచీలకి నేను తెలుపనుకుని ఏం పూశానో."

"ఏది నిజం మరి?" అంది ఆవిడ.

"రంగు కలిపేటప్పుడు కొత్తది. నిన్ను చూసేటప్పుడు పాతది. అందులో నీకు ముడతలు లేవు."

"అయితే రెండోది చేయించనే వద్దు," అంది ఆవిడ. నవ్వుతూనే అంది. ఆ నవ్వు పూర్తి కాకముందే ముఖం వీధి వైపు తిప్పుకుంది.

డబ్బు మార్చి ఇచ్చాను. వాళ్ళు మెట్లు దిగారు. తడి వీధిలో ఎండ పడుతోంది. ఆయన నాలుగడుగులకి ఒకసారి ఆగి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి, అరటిపళ్ళ బండినీ, ట్రామ్ తీగెలనీ, తన భార్యనీ చూసుకుంటున్నాడు. ఆవిడ ప్రతిసారీ ఆగి, చూడడం అయ్యేదాకా కదలకుండా నిలబడుతోంది.