బాకా వయసు

జనగామ స్టేషన్ రోడ్డులో బ్యాండు వాయిద్యాలు బాగుచేసే ఎల్లేశం ఏ బాకానైనా ముందు వాసన చూస్తాడు. తర్వాత నిద్రపోయే పాప నుదురు నిమిరినట్టు దాని వెడల్పాటి మూతి చుట్టూ బొటనవేలు తిప్పుతాడు. అరిగిన అక్షరాలకు దీపం మసి రుద్ది, వెలుగుకు వంచి చదువుతాడు.

ఆ మధ్యాహ్నం పాలకుర్తి నుంచి అన్నదమ్ముల బిడ్డలు మొగిలి, సారంగం జారుడు గొట్టమున్న పాత బాకా, ట్రాంబోన్ ఒకటి తెచ్చారు. "మా బాపు కొత్తగ కొన్నడు కాకా, గిది నాదొక్కనిదే," అన్నాడు మొగిలి. "తాతది. ఇద్దరికి పొత్తుది," అన్నాడు సారంగం. గొట్టం మీద నంబరుంది గానీ, ఆ కంపెనీ పాత నంబర్ల లెక్కలు సగం దొరకవు. ఇక మిగిలింది మూతి మీద చెక్కిన, అరిగిపోయిన ఊరి పేరు. తాత కాలంలో కంపెనీ ఒక ఊళ్లో ఉండేది, తర్వాత ఇంకో ఊరికి మారింది. ఎల్లేశం మసి డబ్బా వెతుకుతుండగా మొగిలి నవ్వాడు. "మీ నాయినకు డప్పు పట్టుడే రాకపాయె, నీకు బాకెందుకురా?" సారంగం అతని గల్లా పట్టాడు. మొగిలి ట్రాంబోన్ ఎత్తి అతని నెత్తిన బాదాడు. మళ్లీ బాదాడు. ఎల్లేశం ఉరికొచ్చి దాన్ని లాక్కున్నాడు. వెచ్చటి నెత్తురు మూతి మీద పాకి, వెంట్రుకవాసి గీతల్లోకి ఇంకుతోంది. ఒక్కొక్క అక్షరమే ఎర్రగా మేలుకుంటోంది. అతను దాన్ని వెలుగుకు వంచాడు. పాత ఊరి పేరే.

"తాతదేరా. ఇద్దరిది," అన్నాడు తృప్తిగా. ఆ తర్వాతే అతనికి గడపకు అడ్డంగా, కదలకుండా పడి ఉన్న సారంగం కనిపించాడు.