పదో అడ్మిషన్

మా నల్లగొండ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సైదులు సార్ పదకొండేళ్లుగా సోషియాలజీ చెబుతున్నాడు. నేను తెలుగు చెబుతాను. చెబుతామన్న మాటే గానీ, మే నెల వస్తే కరపత్రాలు పట్టుకుని ఇద్దరం ఊళ్లమీద పడతాం. సబ్జెక్టుకు పదిమంది చేరకపోతే ఆ సారుకు జూన్ నుంచి పని లేదు. సిగ్గుమాలిన బతుకు మాది!

సైదులు పాఠం మాత్రం వినాల్సిందే. ప్రపంచ పెట్టుబడి అంటే ఏమిటో చిట్యాల రోడ్డు మీద మందుల కంపెనీ బస్సెక్కే ఆడవాళ్లతో మొదలుపెడతాడు. ఎక్కడో ఎవరో మింగే మాత్రకు ఇక్కడి బోరునీళ్లు ఎందుకు కంపు కొడతాయో విప్పి చెబుతాడు. గంట కొట్టినా పిల్లలు లేవరు.

పోయిన ఏడాది అతనికి తొమ్మిదిమందే దొరికారు. పదో మనిషి కోసం పానగల్‌లో మారెమ్మ ఇంటికి వెళ్లాం. ఆమెది కూలి బతుకు. కూతురు తిరుమల ఇంటర్ పాసై, నార్కట్‌పల్లి దగ్గర కంపెనీలో చేరతానంటోంది. సైదులు గంటసేపు బతిమాలాడు. ఫీజు సర్కారే కడుతుందన్నాడు. నచ్చకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చన్నాడు. ఆ చివరి మాట పచ్చి అబద్ధమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మారెమ్మ పెట్టె తెరిచి పిల్ల అసలు మెమో, టీసీ తీసి అతని చేతిలో పెట్టింది.

దసరా తర్వాత మారెమ్మ మంచాన పడింది. చదువు మానేసి కంపెనీకి పోతాను, కాగితాలివ్వమని తిరుమల ఆఫీసులో అడిగింది. మానేస్తే సర్కారు ఫీజు రాదు, మూడేళ్లదీ నువ్వు కడితేనే ఇస్తామన్నారు. సైదులు ప్రిన్సిపాల్ కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఆ పిల్ల కాగితాలతోని నీ సర్టిఫికెట్లు గూడ పట్టుకపో" అన్నాడాయన.

సైదులు ఉత్తచేతులతో బయటికొచ్చాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. నేనైనా అంతే చేసేవాణ్ని, అదే నాకు మంట.

మర్నాడు అతని పాఠం వెట్టిచాకిరి. పక్క గదిలో ఉన్న నాకు అంతా వినిపించింది. ఈ కాలంలో వెట్టికి ఒక ఉదాహరణ చెప్పమన్నాడు. తిరుమల లేచింది.

"మా తాత పటేలింట్ల జీతమున్నడు సార్. అప్పుకాయితం మీద ఏలిముద్రేసి ఇరుక్కున్నడు. నేను మెమో ఇచ్చి ఇరుక్కున్న."

సైదులు కరెక్టేనన్నాడు, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మా తాతను ఇరికిచ్చిన పటేలు, గిట్ల పాఠం మాత్రం చెప్పలె సార్."

ఆ రోజు గంట కొట్టకముందే సైదులు బయటికొచ్చాడు. తిరుమల కాగితాలు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఈ మేలో మమ్మల్ని సబ్జెక్టుకు పన్నెండుమందిని తెమ్మన్నారు. తెచ్చాం.