బూడిద చల్లిన చోడి చేను

ఉదయం ఆరూ నలభై అయిదుకి విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. పశువుల రోగాల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని నేను, ఊళ్లు తిరిగే ఉద్యోగం కాదు. ముంచింగిపుట్టు దాటాక ఓ కొండ ఊరిలో సోములమ్మ అనే రైతు ఎద్దు చచ్చిపోయింది. పశువుల డాక్టరు పంపిన దాని కాలేయంలో, అది తిన్న చోడి, అంటే రాగి గడ్డిలో, చేను మట్టిలో సీసం తేలింది. ఆ ఊళ్లో ఫోను పలకదు. కాగితం పంపితే ఎవరు చదివి ఏం చెబుతారోనని నేనే బయల్దేరాను.

ఎదురు సీటులో బొర్రా గుహలకు వెళ్తున్న ఒకావిడ కొండల్ని చూసి, "ఇక్కడ పండేదంతా ఆర్గానిక్కే కదండీ!" అంది. ఒళ్లు మండింది. ఆవిడ తప్పేముందని సంచిలోని రిపోర్టు తీసి మళ్లీ చదువుకున్నాను.

పదకొండు దాటాక అరకులో దిగి, రెండు ఇడ్లీలు తిని బస్సెక్కాను. ముంచింగిపుట్టు చేరేసరికి ఒంటిగంటన్నర. అక్కణ్ణుంచి ఆటో. దారిలో వాగు పక్కన తాళం వేసిన రేకుల షెడ్డు చూపించి డ్రైవరు, "పాత బేటరీలు కరిగించీవోలు బాబు. బూడిద వొదిలేసి బేగి సర్దుకుపోనారు" అన్నాడు.

సోములమ్మ అరుగు మీద కూర్చోబెట్టి స్టీలు గ్లాసు నిండా చోడి అంబలి ఇచ్చింది. "మా సేను సోళ్లే బాబు. ఈ యేడు ఏపుగా పండినాయి."

"ఆ షెడ్డు బూడిద వేశావా అమ్మా?"

"నెల్లాళ్లు బుట్టలతో మోసినాను. పోడు కాల్చితే ఆ బూడిదే కదా సేనుకి బలం. ఇదీ బూడిదే కదా అనుకున్నాను."

అడవి బూడిదతో తరతరాలుగా పండించుకున్నవాళ్లు బూడిదనెందుకు అనుమానిస్తారు? షెడ్డు బూడిదలోని సీసం మట్టిలో కలిసి, వేళ్లగుండా గడ్డిలోకి ఎక్కి, ఎద్దు ఒంట్లో పేరుకుందని చెప్పాను. చచ్చేముందు అది చూపు పోయి గోడకు తల ఆనించి నిలబడింది అందుకేనన్నాను. ఇక కొట్టంలో ఉన్న ఆవుకు ఆ గడ్డి వేయొద్దన్నాను.

"ఆవు పాలు మేం పితకం బాబు, దూడకే వొదిలేత్తాం" అంది, మనుషులకు భయం లేదన్నట్టు.

గింజ మాట ఎలా ఎత్తాలో తెలియక కాగితాలు సర్దుతున్నాను. ఆమె నా గ్లాసు చూసింది. అంబలి అలాగే ఉంది.

"గడ్డిలోకి ఎక్కింది, గింజలోకి ఎక్కదేటి?"

"ఎక్కొచ్చమ్మా. పరీక్ష చేస్తేగాని తెలీదు. అందాకా తినకండి."

గబగబా లోపలికి వెళ్లింది. "కోడలా, గుంటకి పెట్టకు, ఆపీ!" అన్న కేక, వెంటనే ఆమె మనవరాలి ఏడుపు వినిపించాయి.

పిల్లకు రక్తపరీక్ష చేయించమని ఆస్పత్రికి చీటీ రాసిచ్చి, పరీక్షకు గుప్పెడు చోళ్లు తీసుకున్నాను. రోడ్డు దాకా వచ్చిన సోములమ్మ, "కొత్త పంట తినే పండగనాడు మొదటి ముద్ద ఆ గుంటకే పెట్టినాను బాబు" అంది. పాడేరు వైపు వెళ్లే బస్సు రాగానే ఎక్కేశాను.

పాడేరు ఘాట్ దిగుతున్నంతసేపూ మనసు కుదుటపడలేదు. మట్టి, గడ్డి, కాలేయం మా బల్ల మీద వారాల తరబడి ఉన్నాయి. అన్నాళ్లూ ఆ పిల్ల అంబలి తాగుతూనే ఉంది. మాది పశువుల ల్యాబ్. గింజ కూడా పంపమని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.