డీన్ సారు చిటికెన వేలు

పీహెచ్‌డీ క్రెడిట్ల కోసం హైదరాబాదు పోయి నేను చేసిన ఘనకార్యం వినుండ్రి. పోయొచ్చి వారమైంది. పని మాత్రం అయింది. ఎట్లయిందో చెప్పాలంటేనే సిగ్గు!

దుమ్ముగూడెంల బడిపిల్లలకు సంగీతం చెప్త నేను. నలభై రెండేండ్ల వయసుల నాట్ల పాటల మీద పీహెచ్‌డీ మొదలువెట్టిన. సెలవులల్ల తిరిగి తిరిగి రెండేండ్లకు కోర్స్‌వర్క్ పూర్తిజేసిన. అంతల మా గైడ్ సారు రిటైరయిండు. ఆ యూనివర్సిటీల సంగీతానికి ఇంకో గైడ్ లేడు. హైదరాబాదుల ఒక సారు దొరికిండు, అక్కడికి మారిన.

అక్కడి క్లర్కు నా ఫైలు తిరగేసి, "మీ తాళం పేపరు మా సిలబస్‌తోని కలుస్తలేదమ్మా. క్రెడిట్లు రావు. మళ్ళ రెండేండ్లు ఇక్కడుండి క్లాసులు వినాలె" అన్నడు.

రెండేండ్లు! ఇంట్ల ఇద్దరు పిల్లలు. బడిల అంత సెలవెవరిస్తరు? ఇగ చదువు బందే అనుకున్న.

నా క్రెడిట్ల సంగతి తేల్చనీకి కొత్త గైడ్ సారు కమిటీ పెట్టించిండు. "ఎక్కువ మాట్లాడకమ్మా, అడిగినదానికే చెప్పు" అని పంపి, తను వరండాల నిలబడ్డడు. నాకు మాటలు మొదలే తక్కువ.

లోపల ముగ్గురు. ఇద్దరు సంగీతం ప్రొఫెసర్లు. నడుమ పెద్ద కుర్చీల డీన్ సారు. ఆయనది ఫిజిక్స్, సంగీతం రాదు. కానీ ఆఖరి సంతకం ఆయనదే.

"మీకు తాళం వచ్చో రాదో నాకెట్ల తెలుస్తది? నాకు అర్థమయ్యేటట్టు చూపించండి" అన్నడు డీన్ సారు.

ఏంజెయ్యాలె? బడిల రోజూ చేసేదే చేసిన. "అందరు చెయ్యి తొడమీద పెట్టుండ్రి. ఆది తాళం. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు నుంచి లెక్క" అని పాటెత్తుకున్న.

పాటల పడ్డంక భయం పోయింది. కళ్ళు మూసుకున్న. అదే తప్పయింది! కళ్ళు తెరిచేసరికి నా ముంగట ముగ్గురు తాళమేస్తున్నరు. నడిమాయన చూపుడు వేలు నుంచి లెక్కపెడుతున్నడు. మా ఆరో తరగతోళ్ళు చేసే తప్పే! పాట ఆపి టేబుల్ మీద ఠపీమని కొట్టిన.

"ఏయ్! చిటికెన వేలు ఎక్కడ పెట్టొచ్చినవ్, ఇంట్లనా? లేచి నిలబడు!"

డీన్ సారు లేచి నిలబడ్డడు.

అప్పటికి గాని నేనెక్కడున్ననో నాకు తెలివిరాలే. "సార్, సార్, తప్పయింది, బడి అనుకున్న..." అని చేతులు జోడించిన. పక్కనున్న ప్రొఫెసరమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

డీన్ సారు మాత్రం తన వేళ్ళు చూసుకుంటున్నడు. "చిటికెన వేలు నుంచా? ఇంకోసారి పాడండి మేడం" అన్నడు.

పాడిన. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్ళ దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిదికి ఎనిమిది సరిగ్గ పడ్డయ్. ఆయన మొఖం చూడాలె, జాతరల రంగులరాట్నం ఎక్కిన పిల్లగాని లెక్క వెలిగిపోయింది!

"మూడేండ్ల నుంచి ఈ డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు చూస్తున్న. తాళమంటే ఏందో ఇయ్యాల తెలిసింది. ఈమెను మళ్ళ క్లాసుల కూసోబెడితే పాఠం చెప్పేదెవరు, వినేదెవరు?" అనుకుంట పెన్ను తీసిండు. క్రెడిట్లన్నీ ఒప్పుకున్నట్టు అక్కడికక్కడే సంతకం!

కాయితం పట్టుకొని బయటికొచ్చిన. గైడ్ సారు ఉరికొచ్చిండు. "ఏమైందమ్మా? పాసేనా?"

నా నోరు ఇంక బడిలనే ఉన్నట్టుంది.

"అవ్ సార్. రెండోసారికి పాసయిండు."