గోడకు నోరుండదు

మా సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్న పిన్నిని అందరూ "మళ్ళీచెప్పు పిన్ని" అంటారు. ఆవిడ బండికి ఎదురుగా కుట్టుమిషను వేసుకున్న టైలర్ని నేను. ఆవిడ గొంతు వినకుండా నేను ఒక్క జాకెట్టు కూడా కుట్టి ఎరగను. చాలాకాలం ఆ గొంతు నాకు తలనొప్పి. ఇప్పుడు దానికి దణ్ణం పెడతాను.

ఆ పేరు రావడానికి కారణం టీకాలు. శనివారం పిల్లలకు టీకాలు వేస్తామని సందంతా చెప్పే పని ఆరోగ్య కేంద్రం నర్సు మా పిన్నికి అప్పజెప్పింది. అందరి బట్టలూ ఆవిడ బండి మీదికే వస్తాయి కదా! పిన్ని చెప్పింది, అందరూ తలలూపారు. తీరా శనివారం వచ్చేసరికి నర్సు మందుపెట్టె ముందు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. కొందరు ఆదివారం అనుకున్నారట. మిగతావాళ్ళు ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశారు. పిన్నికి ఒళ్ళు మండింది.

"తలూపడానికేముంది, గంగిరెద్దు కూడా ఊపుతుంది. నోటితో చెబితేనే విన్నట్టు" అంది.

అప్పట్నుంచీ దోమల కాలంలో తొట్లు బోర్లించమన్నా, గాలివాన రాబోతోంది రేకుల మీద బరువులు పెట్టుకోమన్నా, చెప్పేసి వెళ్ళిపోదు. గుమ్మంలో నిలబడి, "ఏం చెప్పాను? మళ్ళీ చెప్పు" అంటుంది. రిటైరైన గుమాస్తాగారిని కూడా వదల్లేదు.

"నేనేమన్నా ఒకటో తరగతి పిల్లాణ్ణా?" అని ఆయన గింజుకున్నాడు.

"కాదు బాబాయ్. ఒకటో తరగతి పిల్లాడైతే ఈపాటికి చెప్పేసేవాడు."

ఆ పట్టుదలకు లొంగని ఇల్లు ఒక్కటే ఉండేది, ఆవిడ తోడికోడలు చిన్నామెది. పక్కపక్క ఇళ్ళు, పెరళ్ళ మధ్య ఒక గోడ. చిన్నామె కూతురి పెళ్ళికి కొన్న పట్టుచీర మీద పిన్ని చేతిలో ఇస్త్రీపెట్టె మచ్చ పడింది. పొరపాటున పడిందని పిన్ని అంటుంది, కుళ్ళుతో కాల్చిందని చిన్నామె అంటుంది. అంతే, మాటలు బంద్. ముందు అవతలి మనిషి పలకరిస్తేనే తాను పలుకుతానని ఇద్దరికీ పంతం. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళ లెక్కన మూడే కాళ్ళు. చెప్పక తప్పనిది ఏదైనా ఉంటే గోడవైపు తిరిగి గట్టిగా అనేవారు. మంచాన పడ్డ అత్తగారు చిన్నకోడలి దగ్గర ఉండేది. చిన్నామె బజారుకు వెళ్ళడం చూసుకుని పిన్ని ఆవిడను చూసి వచ్చేది.

ఈ వానాకాలంలో ఒక పొద్దున్న నర్సు పరుగున వచ్చింది. పురుగుమందుల గోదాము గోడ రాత్రి కురిసిన వానకు కూలి, మందు మా కుళాయిలకు నీళ్ళిచ్చే ట్యాంకులో కలిసింది. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, మధ్యాహ్నానికి మంచినీళ్ళ లారీ వస్తుంది. మైకు బండి కూడా అదే చెప్పుకుంటూ పోయింది. పిన్ని ఇంట్లోకి వెళ్ళి ముందుగా గోడ మీంచి ఒక కేక వేసి వచ్చింది. తర్వాత పెట్టెలో బొగ్గులు ఆర్పి సందులో పడింది. నేనూ మిషను ఆపి వెంట వెళ్ళాను.

మొదటి ఇంట్లోనే తేడా తెలిసిపోయింది. "ఏం చెప్పాను?" అని పిన్ని అడిగితే, "కుళాయి నీళ్ళు కాచి తాగాలి" అంది ఆ ఇల్లాలు. పాపం, ఆమె తప్పు లేదు. నీళ్ళు కాచి తాగండి అనే మాట మేమందరం ఏళ్ళ తరబడి విన్నదే. మైకు ఏమని మొత్తుకున్నా మా చెవుల్లో పడేది ఆ పాత పాటే.

"కాస్తే పురుగు చస్తుందమ్మా, పురుగుమందు చావదు. కాచినా తాగొద్దు. ఇప్పుడు చెప్పు" అంది పిన్ని.

అదే మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పొయ్యిల మీది గిన్నెలు దగ్గరుండి పారబోయించింది. "ఈవిడకి పనీపాటా లేదా" అని వినబడేలా గొణిగినవాళ్ళున్నారు. నాకు నాలుగు దులిపేద్దామని నోరు దురద పెట్టింది. పిన్ని మాత్రం ఆ గొణుగుడు పూర్తయ్యేదాకా ఆగి, మళ్ళీ చెప్పమనే అడిగింది. మనిషంటే అలా ఉండాలి.

"అమ్మయ్య, సందంతా అయిపోయింది" అంటూ బండి దగ్గర కూలబడింది.

"మీ తోడికోడలిల్లో?"

"పొద్దున్నే గోడ మీంచి చెప్పాగా. వినే ఉంటుంది."

"విని ఏమంది?"

పిన్ని చిన్నామె ఇంటివైపు చూసింది.

"గోడలకి చెవులుంటాయి పిన్నీ, నోరుండదుగా" అన్నాను కాస్త వెటకారంగానే. ఆవిడ మొహం పాలిపోయింది.

"పోనీ నన్ను వెళ్ళి చెప్పమంటావా?"

"వద్దు. నేను పంపానంటుంది. నేను పంపానంటే వినదు" అని లేచి, తిన్నగా చిన్నామె గుమ్మంలోకి నడిచింది.

"చెల్లీ" అని పిలిచింది.

లోపల చిన్నామె మంచం పక్కన నిలబడి రెండు గ్లాసులతో నీళ్ళు తిరగపోసి చల్లారుస్తోంది. ఆ పిలుపుకు చేతులు ఆగిపోయాయి.

"చెల్లీ, పొద్దున్న నేనేమన్నానో ఒక్కసారి చెప్పవే."

చిన్నామె మూతి బిగించింది. తిట్టి పంపేస్తుందనే అనుకున్నాను.

"కుళాయి నీళ్ళు తాగొద్దన్నావు. నాకు ఆ మాత్రం తెలీదా? బాగా మరగకాచే అత్తయ్యకి ఇస్తున్నా."

"ఇచ్చేశావా?"

"ఇప్పుడే ఇవ్వబోతున్నా. దాహం దాహం అంటోంది."

పిన్ని ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కుంది. నీళ్ళు ఇద్దరి మీదా ఒలికాయి. "కాచినా తాగకూడదే! అందులో ఉన్నది పురుగుమందు!"

చిన్నామె మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నా చేత్తో నేనే పట్టేదాన్నే అక్కా! కాచినా వద్దని నువ్వు అనలేదే..."

"అనలేదు. నీ ఎదురుగా నిలబడి చెప్పాల్సింది. తప్పు నాదే" అంటూ పిన్ని తన ఇంటికి పరిగెత్తి, నిన్న పట్టి ఉంచుకున్న నీళ్ళు చెంబుతో తెచ్చింది.

ముసలావిడ కళ్ళు చికిలించి పెద్దకోడల్ని చూసింది, చిన్నకోడల్ని చూసింది.

"ఇద్దరూ కలిసి నా మంచం దగ్గరికొచ్చారేమిటే? నేను పోయానా?" అంది.

పిన్ని నవ్వబోయి భోరుమంది. చిన్నామె ఒక చేత్తో అత్తగారి తల పైకెత్తి, రెండో చేత్తో పిన్ని చేతిలోని చెంబును ఆ పెదాలకు ఆనించింది.